పసివారిని ప్రభువు విందుకు పిలిచిన పునీతుడు



మన విచారణల్లో ఏటా చూసే దృశ్యమే ఇది. తెల్లని గౌనులు తొడుక్కున్న ఆడపిల్లలు, ఇస్త్రీ చొక్కాలు వేసుకున్న మగపిల్లలు చేతుల్లో కొవ్వొత్తులు పట్టుకొని వరుసగా గుడిలోకి నడిచి వస్తారు. వెనుక వరుసలో కూర్చున్న అమ్మమ్మలు కొంగుతో కళ్ళు ఒత్తుకుంటారు. ఎనిమిదేళ్ళో తొమ్మిదేళ్ళో నిండిన ఆ పసివాళ్ళు మొదటిసారి దివ్యసత్ప్రసాదం స్వీకరిస్తారు. ఇది ఎప్పటినుంచో ఇలాగే సాగుతున్న ఆచారమని మనం అనుకుంటాం. కాని నూరేళ్ళకు కొంచెం ముందు చాలా కతోలిక దేశాలలో ఈ వయసు పిల్లలను ప్రభువు విందుకు రానిచ్చేవారు కారు. పదేళ్ళు, పన్నెండేళ్ళు, కొన్నిచోట్ల పద్నాలుగేళ్ళు నిండేదాకా ఆగమనేవారు. ఈ అడ్డును తొలగించిన మహనీయుడు పునీత పదవ భక్తినాథ పోపుగారు. ప్రపంచం ఆయనను పదవ పయస్ అంటుంది. ఆగస్టు 21న శ్రీసభ ఆయన పండుగ జరుపుకొంటుంది. దేవుని ప్రేమను ఆయన ఎలా అర్థం చేసుకున్నారో తెలుసుకోవాలంటే ఆయన జీవితాన్నే చూడాలి.

బంట్రోతు కొడుకు

ఇటలీ దేశంలో ఉత్తరాన, వెనిస్ నగరానికి దూరంగా రియెసె అనే చిన్న పల్లె ఉంది. అక్కడ 1835 జూన్ 2న జుసెప్పె సార్తో జన్మించారు. జుసెప్పె అంటే మన జోజప్పే. ఇంట్లోవాళ్ళు బేపి అని పిలుచుకునేవారు. ఆ ప్రాంతం అప్పట్లో ఆస్ట్రియా చక్రవర్తి ఏలుబడిలో ఉండేది. తండ్రి జొవాన్ని బత్తిస్తా ఊరి కార్యాలయంలో ఉత్తరాలు, కబుర్లు అందజేసే బంట్రోతు. తల్లి మార్గరీత బట్టలు కుట్టేది. వారికి పదిమంది పిల్లలు కలిగారు. ఉన్న కొద్దిపాటి సంపాదనతో అంతమందికి కడుపు నింపడమే కష్టంగా ఉండేది.

బేపి చదువులో చురుకు. ఊరి బడి అయ్యాక ఆరేడు కిలోమీటర్ల దూరంలోని కాస్తెల్‌ఫ్రాంకో పట్టణానికి రోజూ నడిచి వెళ్ళి చదువుకున్నాడు. జోళ్ళు అరిగిపోతాయని వాటిని భుజాన వేసుకొని వట్టి కాళ్ళతో నడిచేవాడని చెప్పుకుంటారు. గురువు కావాలని కోరిక ఉన్నా, ఇంట్లో డబ్బు లేదు. అప్పటి వెనిస్ పాట్రియార్క్ కార్డినల్ మోనికోగారు రియెసె ఊరివారే, కమ్మరి కొడుకే. వారి చలువవల్ల 1850లో పాదువా గురువిద్యాలయంలో ఉచితంగా చోటు దొరికింది.

రెండేళ్ళు తిరగకుండానే 1852లో తండ్రి మరణించాడు. పెద్దకొడుకు ఇంటికి వచ్చి సంసారం ఎత్తుకోవాలని లోకరీతి. మార్గరీతమ్మ ఆ మాట రానివ్వలేదు. సూదీదారంతో ఇల్లు నడిపి, కొడుకును దేవునికే వదిలిపెట్టింది. 1858 సెప్టెంబరు 18న కాస్తెల్‌ఫ్రాంకోలో ఆయనకు గురుత్వాభిషేకం జరిగింది. అప్పటికి వయసు 23 ఏళ్ళు.

పల్లె గురువు

మొదట తొంబొలో అనే ఊరిలో సహాయక గురువుగా తొమ్మిదేళ్ళు పనిచేశారు. అక్కడి విచారణ గురువులు డాన్ కోస్తాంతీనిగారు రోగిష్ఠి. గుడి భారమంతా చిన్న గురువు మీదే పడింది. ఆ ఊరివాళ్ళు పశువుల బేరగాళ్ళు, కష్టజీవులు, నోటి దురుసు మనుషులు. చదవడం రాయడం రాని పెద్దవారికి సార్తోగారు రాత్రిబడి పెట్టారు. జీతం ఏమివ్వాలని అడిగితే దేవుని పేరు పెట్టి తిట్టడం మానుకుంటే చాలన్నారని ఆ ఊరిలో చెప్పుకునేవారట.

1867లో సల్జానొకు విచారణ గురువుగా వెళ్ళారు. 1873లో అక్కడ కలరా వచ్చింది. భయంతో జనం ఒకరి గడప ఒకరు తొక్కని రోజులవి. గురువుగారు మాత్రం ప్రతి రోగి ఇంటికీ వెళ్ళారు. అవస్థ అభ్యంగనం ఇచ్చారు, చనిపోయినవారిని పూడ్చడంలోనూ చేయి వేశారు. చివరి ఘడియలో మనిషికి కావలసింది ఏమిటో ఆయన పుస్తకాల్లో చదివి నేర్చుకోలేదు. ఆ ఇళ్ళలో, ఆ మంచాల పక్కన చూశారు. ఈ సంగతి మనం గుర్తుపెట్టుకోవాలి. తరువాత కథకు దీనితో సంబంధముంది.

1875లో త్రెవీసో పీఠంలో పెద్ద బాధ్యతలు వచ్చాయి. 1884లో మాంతువా పీఠాధిపతులయ్యారు. ఆ మేత్రాసనం అప్పుడు బాగా చితికిపోయి ఉంది. గురువులు చాలరు, గుడికి వచ్చేవాళ్ళూ తక్కువ. పీఠాధిపతిగారు స్వయంగా గురువిద్యాలయంలో పాఠాలు చెప్పారు. ఎక్కడ ఉన్నా పిల్లలకు జ్ఞానోపదేశం నేర్పించడం వారికి ప్రాణం. 1889లో పియాచెన్సాలో జరిగిన జ్ఞానోపదేశ మహాసభకు, అందరికీ ఒకే తేలికపాటి జ్ఞానోపదేశ పుస్తకం కావాలని ప్రతిపాదన పంపారు.

1893లో కార్డినల్‌గా, వెనిస్ పాట్రియార్క్‌గా నియమితులయ్యారు. ప్రభుత్వం అనుమతి ఇవ్వకుండా నాన్చడంవల్ల 1894 నవంబరు దాకా ఆ నగరంలో అడుగుపెట్టలేకపోయారు. ఈలోగా 1894 ఫిబ్రవరిలో తల్లి కన్నుమూసింది. కొడుకు తన పీఠాధిపతి ఉంగరం చూపించినప్పుడు ఆ తల్లి తన పెళ్ళి ఉంగరం చూపించి, ఇది లేకుంటే అది లేదని గుర్తు చేసిందని ఒక కథ ప్రచారంలో ఉంది. కథే కావచ్చు గాని, ఆ ఇంటి స్వభావం అందులో ఉంది.

తిరుగు టిక్కెట్టు

1903 జూలై 20న 13వ సింహరాయ పోపుగారు, అంటే 13వ లియో, పరమపదించారు. కొత్త పోపు ఎన్నిక కోసం రోముకు బయలుదేరిన సార్తోగారు రైలుకు రానుపోను టిక్కెట్టు కొనుక్కున్నారు. మళ్ళీ వెనిస్‌కే వస్తానని వారి నమ్మకం. ఎన్నికలో మొదట కార్డినల్ రంపొల్లాగారికి ఎక్కువ మద్దతు వచ్చింది. ఆగస్టు 2న క్రాకోవ్ కార్డినల్ పుజినాగారు లేచి, ఆస్ట్రియా చక్రవర్తికి రంపొల్లాగారంటే సమ్మతం లేదని ప్రకటించారు. కార్డినళ్ళు మండిపడ్డారు. చివరికి ఆగస్టు 4న ఓట్లు సార్తోగారి వైపు మళ్ళాయి. ఆయన కన్నీళ్ళు పెట్టుకొని వద్దని బతిమాలారు. అందరూ నచ్చచెప్పాక దేవుని చిత్తమని తలవంచారు. మరుసటి ఏడే, పోపు ఎన్నికలో ఏ రాజూ వేలు పెట్టకుండా ఆ పాత హక్కును రద్దు చేశారు.

పోపు అయ్యాకా పల్లె గురువు మారలేదు. పోపుగారు ఒంటరిగానే భోంచేయాలన్న ఆచారాన్ని పక్కనపెట్టారు. అక్కచెల్లెళ్ళకు బిరుదులు ఇవ్వలేదు. వారు రోములో మామూలు ఇంట్లోనే ఉన్నారు. వాటికన్ ఆవరణలో ఆదివారాలు తానే నిలబడి సామాన్య జనానికి జ్ఞానోపదేశం చెప్పారు. 1908 డిసెంబరు 28న మెస్సీనా భూకంపంలో వేలాదిమంది చనిపోయినప్పుడు సాయం పంపించి, దిక్కులేనివారికి ఆశ్రయమిచ్చారు.

బహుమానమా, మందా?

ఇక అసలు సంగతికి వద్దాం. 17వ శతాబ్దంలో ఫ్రాన్సులో జాన్సెనిజం అనే కఠిన ధోరణి తలెత్తింది. ఆంత్వాన్ ఆర్నో అనే పండితుడు 1643లో తరచు దివ్యసత్ప్రసాద స్వీకారం గురించి ఒక పుస్తకం రాశాడు. యోగ్యత సంపాదించుకోకుండా ఆ విందుకు దగ్గరకు రాకూడదని దాని సారాంశం. శ్రీసభ ఆ ధోరణిని ఖండించింది. కాని దాని నీడ మాత్రం జనం మనసుల్లో మిగిలిపోయింది. భక్తి ఎంత ఉంటే అంత దూరంగా ఉండాలనే భయం పాతుకుపోయింది. ఏడాదికి ఒకసారి పాస్క పండుగకు సత్ప్రసాదం స్వీకరిస్తే చాలనుకున్నారు. మఠాల్లోని కన్యాస్త్రీలు సైతం వారానికి ఎన్నిసార్లు స్వీకరించాలో అనుమతి అడగవలసి వచ్చేది. మనమందరం ప్రేమించే పునీత చిన్న తెరేజమ్మ 1873లో పుట్టారు. చిన్ననాటినుంచి ఎంతగా తపించినా, 1884 మే 8న పదకొండేళ్ళు నిండాకగాని ఆమెకు మొదటి సత్ప్రసాదం దొరకలేదు.

భయం వెనుక ఉన్నది గౌరవమే. దేవుడు పరిశుద్ధుడు, మనం మట్టి మనుషులం, జాగ్రత్తగా ఉండాలి అన్న ఆలోచనలో తప్పు లేదు. తప్పు ఎక్కడుందంటే, దివ్యసత్ప్రసాదాన్ని మంచివాళ్ళకు ఇచ్చే బహుమానంగా లెక్కకట్టడంలో ఉంది. బహుమానమైతే ముందు గెలవాలి. మందైతే జబ్బుపడ్డవాడే ముందు తీసుకోవాలి. అన్నమైతే ఆకలిగొన్నవాడే ముందు కూర్చోవాలి. ప్రభువు రొట్టె రూపాన్ని ఎన్నుకొన్నది రోజూ తినడానికే గాని, దూరంనుంచి చూసి దండం పెట్టడానికి మాత్రమే కాదని పల్లె గురువుకు తెలుసు.

1905 డిసెంబరు 20న పదవ భక్తినాథ పోపుగారి ఆమోదంతో రోమునుంచి ఒక శాసనం వెలువడింది. దేవుని వరప్రసాద స్థితిలో, అంటే చావైన పాపం లేకుండా, సరైన ఉద్దేశంతో వచ్చే ఏ విశ్వాసినీ అనుదిన సత్ప్రసాదంనుంచి తొలగించరాదని అది తేల్చిచెప్పింది. పేరుకోసమో, అలవాటుకొద్దీనో, పక్కవాళ్ళు చూడాలనో రాకూడదు. దేవుణ్ణి ప్రేమించాలని, తన బలహీనతలకు మందు కావాలని రావాలి. పెద్ద పాపం ఉంటే పాపసంకీర్తనం చేసి రావాలి. చిన్న పాపాలు, లోపాలు ఉన్నాయని ఆగిపోనక్కరలేదు, వాటికి విరుగుడు ఆ విందులోనే ఉంది. 1906లో మంచానపడిన రోగుల కోసం ఉపవాస నియమాన్ని కూడా సడలించారు. అర్ధరాత్రినుంచి మంచినీళ్ళు కూడా ముట్టకూడదన్న కాలమది. నెలలకొద్దీ జ్వరంతో పడుకున్నవారికి ఆ సడలింపు ఎంత ఊరటో ఊహించండి.

పసివారి వంతు

పెద్దల సంగతి తేలింది. పిల్లల సంగతి ఏమిటి? ఐర్లండు దేశంలో 1903లో నెల్లీ ఆర్గన్ అనే పాప పుట్టింది. తల్లి క్షయరోగంతో చనిపోగా, కార్క్ పట్టణంలో మంచి కాపరి కన్యాస్త్రీలు ఆమెను చేరదీశారు. పాపకూ ప్రాణాంతకమైన జబ్బే. గుడిలో దివ్యమందసంలో ఉన్నది ఎవరో తెలిసినట్టు ఆ చిన్నారి మాట్లాడేది, ఆయన తనలోకి రావాలని ఏడ్చేది. పీఠాధిపతిగారు విచారించి అనుమతి ఇచ్చారు. 1907 డిసెంబరు 6న ఆమె మొదటి సత్ప్రసాదం స్వీకరించింది. 1908 ఫిబ్రవరి 2న నాలుగున్నర ఏళ్ళ వయసు నిండకుండానే కన్నుమూసింది. ఈ పాప సంగతి పోపుగారి చెవిన పడి ఆయన మనసును కదిలించిందని చెబుతారు.

1910 ఆగస్టు 8న రెండవ శాసనం వచ్చింది. మంచిచెడులు కొంత తెలిసే వయసు, అంటే సుమారు ఏడేళ్ళు వచ్చిన పిల్లలకు మొదటి పాపసంకీర్తనం, మొదటి సత్ప్రసాదం ఇవ్వాలని ఆదేశించింది. జ్ఞానోపదేశమంతా కంఠస్థం రానక్కరలేదు. ముఖ్యమైన విశ్వాస సత్యాలను తమ ఈడుకు తగినట్టు ఎరిగి, ఈ అప్పం మామూలు రొట్టె కాదని తెలిస్తే చాలు. మిగిలినది తరువాత క్రమంగా నేర్చుకోవాలి. ఇది కొత్త మాట కాదనీ, 1215లో జరిగిన నాలుగవ లాటరన్ మహాసభ చెప్పినదేననీ శాసనం గుర్తుచేసింది.

అదే శాసనంలో ఎక్కువమంది గమనించని ఒక మాట ఉంది. బుద్ధి తెలిసిన పిల్లలు చావుబతుకుల్లో ఉన్నప్పుడు కూడా, మొదటి సత్ప్రసాదం కాలేదన్న కారణంతో వారికి కడసారి సత్ప్రసాదం గాని, అవస్థ అభ్యంగనం గాని ఇవ్వని దురాచారం కొన్నిచోట్ల ఉండేది. చనిపోతే పసికందులకు చేసే రీతిలోనే పూడ్చేసేవారు. దీనిని ఆ శాసనం కఠినంగా గర్హించింది. కలరా ఇళ్ళలో తిరిగిన గురువు పోపు అయినందుకు ఇది తగిన ఫలితం. అందుకే ఈ విషయం వయసు నిబంధనల చర్చ మాత్రమే కాదు. మరణశయ్య మీద ఉన్న ఎనిమిదేళ్ళ బిడ్డకు ప్రభువును అందించాలా, వద్దా అన్నదే అసలు ప్రశ్న.

అందరూ సంతోషించలేదు. పిల్లలకు ఏం తెలుస్తుందని కొందరన్నారు. ముందే సత్ప్రసాదం ఇచ్చేస్తే ఇక జ్ఞానోపదేశానికి రారని కొందరు గురువులు దిగులుపడ్డారు. ఫ్రాన్సులో పన్నెండేళ్ళప్పుడు జరిపే పెద్ద వేడుకను వదులుకోవడం కుటుంబాలకు కష్టమైంది. పోపుగారు వెనుకంజ వేయలేదు. ఒక తల్లి తన నాలుగేళ్ళ కొడుకును ఆశీర్వాదం కోసం తీసుకువచ్చిందనీ, ఆయన ఆ పిల్లవాణ్ణి ఒళ్ళోకి పిలిచి సత్ప్రసాదంలో ఎవరుంటారో, యేసు ఎవరో అడిగి, జవాబు విని, మరునాడు తానే అతనికి సత్ప్రసాదం ఇస్తానన్నారనీ చెప్పుకుంటారు. 1912 ఏప్రిల్‌లో ఫ్రాన్సునుంచి సుమారు 400 మంది పిల్లలు కృతజ్ఞతలు చెప్పడానికి రోముకు వచ్చినప్పుడు ఆ వృద్ధ పోపుగారి ఆనందానికి మేర లేకపోయింది.

నీడలు, చివరి రోజులు

పునీతుల జీవితంలో అంతా వెలుగే అనుకోకూడదు. 1907లో నవీనవాదం అనే ధోరణిని పదవ భక్తినాథ పోపుగారు ఖండించారు. విశ్వాసాన్ని కాపాడాలన్నదే వారి ఉద్దేశం. అయితే ఆ పేరిట జరిగిన నిఘా, అనుమానాలు కొందరు నిజాయితీపరులైన పండితులను కూడా గాయపరిచాయని చరిత్ర చెబుతుంది. పునీతులు తప్పు చేయనివారు కారు, దేవుని ప్రేమకు తమను అప్పగించుకున్నవారు.

1914 వేసవిలో ఐరోపా యుద్ధంలో మునిగింది. ఆగస్టు 2న లోకమంతటి కతోలికులనూ శాంతికోసం ప్రార్థించమని పోపుగారు పిలుపునిచ్చారు. ఒకే బల్ల దగ్గర ఒకే అప్పంలో పాలుపొందినవారు రెండు సైన్యాలుగా చీలి ఒకరినొకరు చంపుకోవడం ఆయన గుండెను పిండేసింది. ఆగస్టు 20 తెల్లవారుజామున ప్రాణం విడిచారు. బీదవానిగా పుట్టి, బీదవానిగా బతికాననీ, బీదవానిగానే చనిపోవాలని కోరుకుంటున్నాననీ మరణశాసనంలో రాసిపెట్టారు. 1951 జూన్ 3న ధన్యులుగా, 1954 మే 29న పునీతులుగా 12వ భక్తినాథ పోపుగారు వారిని ప్రకటించారు. 1959లో 23వ జాన్ పోపుగారు వారి భౌతికకాయాన్ని కొద్దిరోజులపాటు వెనిస్‌కు పంపించారు. అలా ఆ తిరుగు ప్రయాణం 56 ఏళ్ళకు నెరవేరింది.

మనకు మిగిలిన పని

ఆయన తెరిచిన తలుపు తరువాత ఇంకా వెడల్పయింది. 1953, 1957లలో ఉపవాస నియమం తేలికైంది, 1964లో అది ఒక గంటకు తగ్గింది. ఇప్పుడు ఆదివారం గుడిలో బారులు తీరి సత్ప్రసాదానికి వెళ్తాం. అప్పటివారి జబ్బు భయం. మన జబ్బు అలవాటు. మొదటి సత్ప్రసాదం రోజున గౌనుకు, విందుకు, ఫొటోలకు అప్పుచేసి ఖర్చుపెట్టే తల్లిదండ్రులు, మరుసటి ఆదివారం బిడ్డను పూజకు తీసుకొస్తున్నారా? పొలం గట్టు దగ్గర మాటలు మానుకున్న అన్నదమ్ములు ఒకే వరుసలో నిలబడి ఒకే ప్రభువును స్వీకరిస్తే, గుడి బయట ఆ మౌనం అలాగే ఉండవచ్చా? గుడిలో పక్కపక్కన మోకరించినవారు ఒకరి ఇంట్లో ఒకరు మంచినీళ్ళు తాగడానికి వెనుకాడితే, ఆ విందుకు అర్థమేమిటి?

దేవుని ప్రేమ మన యోగ్యతను చూసి బయలుదేరదు. అది ముందే వచ్చి, మనలను యోగ్యులను చేస్తుంది. దివ్యసత్ప్రసాదంలో మనం ప్రభువుతో ఒకటవుతాం. ఆయనతో ఒకటైనవారు ఒకరితో ఒకరు వేరుగా ఉండలేరు. ఈ రెండూ ఒకే విందు. మొదటిదాన్ని చేతులు చాపి అందుకొని, రెండవదాన్ని గుడి గుమ్మం దగ్గర వదిలివెళ్ళడం కుదరదు.

ఈ ఆదివారం పూజకు వెళ్ళేముందు ఇంట్లోని చిన్నపిల్లను దగ్గర కూర్చోబెట్టుకొని, సత్ప్రసాదంలో ఎవరున్నారని అడిగి చూడండి. ఆమె చెప్పే జవాబు మనకూ పాఠం కావచ్చు. మనం ఎవరితోనైనా మాటలు మానుకొని ఉంటే, గుడికి వెళ్ళే దారిలో వారి గుమ్మం దగ్గర ఒక్క నిమిషం ఆగుదాం. పసివారిని విందుకు పిలిచిన పునీత పదవ భక్తినాథ పోపుగారు మనకోసం, మన బిడ్డలకోసం ప్రభువును వేడుకొందురు గాక. ఆమెన్.